గోలెంలో సాంబయ్య తర్బూజ

కొత్తవాడలో మనిషి విలువ అతని మగ్గం మీంచి దిగిన జంపఖానాలను బట్టి ఉంటుంది. ఆ లెక్కన, మేమంతా కాకా అని పిలిచే సాంబయ్య లెక్కలోకే రాడు. ఇరవై ఏళ్లు ఇతరుల మగ్గాల కోసం నూలుకు రంగు వేశాడు. మోచేతుల దాకా ఒకనాడు నీలం, ఒకనాడు ఎరుపు. అతని గురించి రాయడానికి ఏముందని అడిగేవాళ్లే మా వాడలో ఎక్కువ. అందుకే రాస్తున్నాను.

1979 చలికాలంలో నెక్కొండ దగ్గరి ఊళ్లో అతని తండ్రి పోయాడు. నేత పని తగ్గే ఎండాకాలంలో ఆయన వాగు ఇసుకలో తర్బూజలు, అంటే పుచ్చకాయలు, పెట్టేవాడు. పొట్టి తీగ, రెండు దోసిళ్లలో ఇమిడే కాయ. ఆ రకం ఇంకెవరి దగ్గరా లేదు. సాంబయ్యకు వారసత్వంగా వచ్చింది గుప్పెడంత గుడ్డమూట. విప్పి చూస్తే పురుగు తినగా ఏడు గింజలు మిగిలాయి.

"ఈ యేడు పెట్టకపోతే ఇవి మల్ల మొలవయ్. మా నాయిన గింజ నా చేతులనే ఖతమైతది" అన్నాడు నాతో.

అతనికి పొలం లేదు, వాగూ లేదు. మంచం వేస్తే నడవడానికి చోటుండని వాకిలి ఉంది. పాత రంగు డ్రమ్మును సగానికి కోయించి, నీళ్లు కారడానికి అడుగున బొక్కలు కొట్టి, చెరువు మట్టీ మేకల ఎరువూ నింపాడు. అతని భార్య యాకమ్మ చెయ్యి చాపింది.

"అన్నీ ఒక్కదాంట్లనే పెడ్తవా? నాకొకటియ్యి."

విసుక్కుంటూ ఒకటి ఇచ్చాడు. ఆమె తను అంట్లు కడిగే మట్టి గోలెంలోని నీళ్లు పారబోసి, అడుగున బొక్క పొడిచి, మట్టి పోసి ఆ గింజ నాటింది.

పక్కింటి రాయమల్లు గోడ మీంచి చూశాడు. "ఏం బావా, వాగును ఇంటికే తెచ్చినవా? చేపలు సుత పడ్తయా?"

"పడ్తే పులుసు నీకే పోస్తతీయ్."

డ్రమ్ములో ఆరూ మొలిచాయి. పది రోజులకు ఆకుల అంచులు మాడడం మొదలైంది. దాహం అనుకుని ఇంకా నీళ్లు పోశాడు. మట్టి ఆరినప్పుడల్లా పైన తెల్లటి పొర తేలేది. ఆఖరి మొక్క వాలిపోయిన రోజు యాకమ్మ ఆ పొరను గోటితో గీకి నాలుకకు రాసుకుంది.

"ఉప్పు" అంది.

నూలుకు రంగు పట్టాలంటే ఉడికే నీళ్లలో ఉప్పు వెయ్యాలి. ఇరవై ఏళ్ల ఉప్పు ఆ డ్రమ్ము తుప్పులోకీ అతుకుల్లోకీ దిగి ఉంది. నింపే ముందు కడగలేదా అంటే, నీళ్లలో రంగు కనబడనంత వరకూ కడిగాడు. ఉప్పుకు రంగు లేదు.

ఇక మిగిలింది గోలెంలోది. అది బాగానే పాకింది, పూసింది. కానీ పిందెలు గోరంత కాగానే పండుబారి రాలిపోతున్నాయి. అప్పటికి నేను ఇంటర్ తప్పి, రోజంతా గ్రంథాలయంలో కూర్చుని చేతికందినదల్లా చదివేవాణ్ణి. ఒక వ్యవసాయ మాసపత్రికలో చూసింది చెప్పాను. రంగు కాగుల పొగకు మా వాడలోకి తేనెటీగలు రావు, మగపువ్వు పుప్పొడి మనమే ఆడపువ్వుకు అంటించాలి. మర్నాడు పొద్దున్నే మేమిద్దరం గోలెం మీద వంగితే యాకమ్మ నవ్వింది.

"పువ్వులకు పెండ్లి జేస్తాండ్రా? అయ్యగారిని సుత పిలువరాదుండ్రి."

ఒక్క పిందె నిలిచింది. రాయమల్లు దాన్ని చూపబోతే యాకమ్మ చేతి మీద కొట్టింది. "వేలు పెట్టి చూపకు, మురుగుతది." సాంబయ్య మగ్గాల కింద రాలిన నూలు ముక్కలు ముడివేసి ఉట్టి అల్లి, కాయను అందులో పెట్టి గోడ మేకుకు వేలాడదీశాడు.

చిక్కు అక్కడే వచ్చింది. ఇసుకలో కాయ పండితే నేలకు ఆనిన చోట పసుపురంగు తిరుగుతుంది. వాళ్ల నాయిన అది చూసే తెంపేవాడు. ఉట్టిలో కాయకు నేల ఎక్కడిది? తట్టి విందామంటే వాడంతా మగ్గాల మోత.

"బావా, జర నీ మగ్గం ఆపు. కాయ ఏమంటాందో ఇనాలె."

"నా పెండ్లాం మాటకే ఆపలే, కాయ మాటకు ఆపాల్నా?" అన్నాడు రాయమల్లు. అంటూనే ఆపాడు. అవతలి ఇంటికీ కేకేశాడు. ఒక్కొక్క మగ్గమే ఆగి, పట్టపగలు వాడ నిశ్శబ్దమైంది. సాంబయ్య చెవి ఆనించి వేలి మెటికతో తట్టాడు.

"కంగుమంటాంది. ఇంకా పచ్చిదే."

"కోటకాడి కోతులు రేపే ఎత్తుకపోతయ్. తెంపు" అన్నాడు రాయమల్లు.

"గింజ నల్లబడకముందు నేను తెంపినా కోతి తెంపినా ఒక్కటే."

ఐదు రోజులు పనికి పోకుండా కర్ర పట్టుకుని గోలెం పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నాల వేళ మగ్గాలు ఆగినప్పుడల్లా తట్టి వినేవాడు. ఆరో రోజు చప్పుడు మొద్దుబారింది.

కోసినప్పుడు మేమంతా ఎర్రటి గుజ్జు చూశాం. అతను గింజలు చూశాడు. నల్లగా ఉన్నాయి. కత్తి కింద పెట్టి గోడకు ఆనుకున్నాడు.

తలా ఒక ముక్క ఇచ్చి మధ్యలో పళ్లెం పెట్టాడు. "గింజలు ఈ పళ్లెంలనే ఉమ్మాలె. మింగినోడు రేపట్నుంచి నాకు కనపడద్దు."

"బావా, ఒకటి లోపటికి పోయింది" అన్నాడు రాయమల్లు.

"పోనీతీయ్. ఎక్కడో ఒకచోట మొలువనీ."

తీపి ఎంతుందో నాకిప్పుడు గుర్తులేదు. గింజల మీద నాలుక ఆనకుండా తినడమే గుర్తుంది.

నీడలో ఆరిన గింజల్ని బూడిదలో కలిపి సాంబయ్య రెండు మూటలు కట్టాడు. ఒకటి తండ్రి గుడ్డలోనే. రెండోది ఈసారి అడగకముందే యాకమ్మ చేతిలో పెట్టాడు. గోలెం మళ్లీ అంట్లకు పోలేదు. ఆ సగం డ్రమ్ము బొక్కలను తారుతో మూసి, ఆమె అందులోనే గిన్నెలు కడిగేది.