పీహెచ్‌డీ చేసిన ఫోన్

మా యూనివర్సిటీ లైబ్రరీని నేను పుస్తకాల బీరువాల్లో కంటే మా ఆయన ఫోన్ పుణ్యాన ఇంట్లోనే ఎక్కువ చూశాను. పరిశోధనలో చేరినప్పుడు నాకు సొంత ఫోన్ లేక ఫారంలో ఆయన నంబరు రాశాను. లైబ్రరీ వాళ్లు తెప్పించే జర్నళ్లు, పాత థీసిస్‌లు అన్నీ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చునే చదవచ్చు. కాకపోతే లాగిన్ అయిన ప్రతిసారీ ఓటీపీ కావాలి, అది ఆయన ఫోన్‌కే వస్తుంది. తర్వాత నేనూ ఒక ఫోన్ కొనుక్కున్నాను. కానీ లైబ్రరీలో నంబరు మార్చాలంటే స్వయంగా వెళ్లాలి, గైడ్ సంతకం తేవాలి. మా గైడుగారు దొరకడమూ దేవుడు దొరకడమూ ఒకటే.

మా ఆయనది బొగ్గు బాయిలో పని. ఫోన్ లోపలికి తీసుకుపోనివ్వరు, పైనే పెట్టి దిగాలి. ఆ పెట్టేదేదో ఇంట్లోనే పెడితే సరిపోయె అని, పొద్దున్నే షిఫ్టుకు పోతూ నా దిండు పక్కన పెట్టి పోయేవాడు. తోటివాళ్లు "ఫోనేదిరా?" అంటే "అది పీహెచ్‌డీ చేస్తాంది" అనేవాడట.

నా పరిశోధన బూర్గంపాడు వైపు బీడీలు చుట్టే తునికాకు కోసే ఆడవాళ్ల మీద. మొదటిరోజు లైబ్రరీ సైటులో వెతికే గడిలో తునికాకు అని మన తెలుగు పేరుతోనే కొట్టాను. ఏమీ లేదంది. శాస్త్రీయ నామం కొడితే చెట్టు గురించి, ఆకు గురించి, ఆకుకు పట్టే పురుగు గురించి కుప్పలు పోసింది. కోసే మనిషి గురించి అడిగితే మళ్లీ నోరు మూసుకుంది. ఒళ్లు మండేది. పొయ్యి మీద కూర కలిపి వచ్చేసరికి నన్ను బయటికి నెట్టేసి, మళ్లీ ఓటీపీ అడిగేది. అయినా దాని మీద నాకెంత ఇష్టమో! ఒకసారి ఏదో పాత వ్యాసం అడుగున మా పుట్టిల్లు జూలూరుపాడు పేరు కనిపిస్తే, ఎవరో పిలిచినట్టు లేచి నిలబడ్డాను. సాయంత్రం ఆయన వచ్చి "ఏం దొరికింది ఇయ్యాల?" అంటే, అన్నం వడ్డిస్తూ అదంతా చెప్పేదాన్ని.

ఒకరోజు ఆయన వచ్చే వేళ దాటిపోయింది. పక్క క్వార్టర్ అక్క వాకిట్లోకి వచ్చి, "బాయి కాడ ఎవరికో ఏదో అయిందట చెల్లె, అంబులెన్స్ పోయింది" అంది. ఫోన్ చేద్దామంటే ఆయన ఫోన్ నా చేతిలోనే ఉంది. అందులో ఉన్న తోటి కార్మికుల నంబర్లన్నిటికీ వరసపెట్టి చేశాను. చాలామంది ఎత్తలేదు. ఒకతను ఎత్తి, "ఫస్ట్ షిఫ్టోళ్లు ఎప్పుడో పోయిండ్లు కదా వదినా" అన్నాడు. ఎదురుగా కంప్యూటర్‌లో వ్యాసం తెరిచే ఉంది. పాడు చదువు అనుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు బండి చప్పుడైంది. తోటి మనిషి కళ్లు తిరిగి పడిపోతే ఆయన దవాఖానాకు తోడు వెళ్లాడట.

"ఒకాయన ఫోన్ అడుక్కొని చేసిన. నీ నంబర్ నోటికి రాదాయె, నా దానికే చేసిన. ఎన్నిసార్లు చేసినా బిజీ. గంత సేపు ఎవరితోని మాట్లాడినవే?"

"నీ కోసమే, లోకమందరితోని!" అని అరిచాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఫోన్ ఆయన జేబులో కుక్కి, "తీస్కపో. నాకొద్దు ఈ చదువు" అన్నాను.

ఆయన తాపీగా కాళ్లు కడుక్కుంటూ, "నువ్వు చదువు బంద్ చేస్తే ఆ మనిషి కింద పడకపోవునా ఏంది?" అన్నాడు. "నంబర్ మార్పించుకుందాం పా. నేను గూడ వస్త."

జ్వరమొచ్చినా డ్యూటీ మానని మనిషి, ఆ పని కోసం నాగా పెట్టి నాతో బస్సెక్కాడు. గైడుగారి గది ముందు నాకంటే ఓపికగా కూర్చున్నాడు. సంతకం దొరికింది. ఇప్పుడు ఓటీపీ నా ఫోన్‌కే వస్తుంది, ఆయన ఫోన్ ఆయనతోనే పోతుంది.

అప్పటి నుంచి బాయిలోంచి పైకి రాగానే నాకు ఫోన్ చేస్తాడు. "పైకొచ్చిన" అని ఒక్క మాట చెప్పి పెట్టేస్తాడు. పొద్దుటి నుంచి ఎన్ని వ్యాసాలు తెరిచినా, ఆ మాట విన్నాకే నాకు చదివింది తలకెక్కుతుంది.