ఎరువుల దుకాణం మీది లా కాలేజీ

సిద్దిపేటలో మా లా కాలేజీ ఉండిన మేడలో ఇప్పుడు కోచింగ్ సెంటర్ నడుస్తోంది. కింద ఎరువుల దుకాణం మాత్రం అలాగే ఉంది. వానాకాలం మొదట్లో పురుగుమందుల వాసన మెట్లెక్కి మా క్లాసులోకి వచ్చేది. ఆ వాసనలోనే మేం రాజ్యాంగం చదువుకున్నాం.

కాలేజీ పెట్టింది కోర్టుకు వెళ్లడం మానుకున్న ఒక పెద్ద వకీలు. ఆయనే ప్రిన్సిపాల్. పగలంతా పనిచేసుకునేవాళ్లు కూడా చదవాలని సాయంత్రం క్లాసులు పెట్టారు. కోహెడ చివరి బస్సు ఎక్కాల్సినవాళ్లు పాఠం మధ్యలోనే లేచి వెళ్లేవారు. మరునాడు వాళ్లు వదిలిన చోటి నుంచే సార్ మళ్లీ మొదలుపెట్టేవారు. మిగతావాళ్లం అదే పాఠం రెండోసారి వినేవాళ్లం, విసుక్కున్నవాళ్లు లేరు. సొంత భవనం లేదు, చేరేవాళ్లు తగ్గిపోయారు, చివరికి మూతపడింది. దేవుడు నన్ను ఇంకే పెద్ద కాలేజీకీ పంపనందుకు ఈనాటికీ స్తోత్రం చెల్లిస్తాను.

నేను పాస్టరు కూతుర్ని. వాక్యం వింటూ, సంఘం మధ్యన పెరిగాను. లా చదువుతానంటే సంఘ పెద్దలకు నచ్చలేదు. "ప్లీడరంటే అబద్ధాలు అమ్ముకునుడే గద అయ్యగారూ" అన్నారు. బాపు ఉపవాసముండి ప్రార్థన చేసి, నాతో ఒకటే మాట చెప్పాడు: "పో బిడ్డా. గని ఒక్క అబద్ధం ఆడాల్సొచ్చినా, పుస్తకాలు ఆడనే పెట్టి ఇంటికి రా."

శనివారాలు మా క్లాసే కోర్టు. సార్ జడ్జి. ఒక వారం మేక దొంగతనం కేసు ఇచ్చారు. ముద్దాయి వేషం మాతో చదివే బస్సు కండక్టరుది. ఆయన తరఫు వకీలును నేను. మేకను తీసుకుపోయింది తనేనని ముద్దాయి నాకు ముందే చెప్పుకున్నట్టు కథ.

"మీ వాదన?" అన్నారు సార్.

సంఘంలో సాక్ష్యం చెప్పడం అలవాటైనదాన్ని. లేచి, "నిజమే సార్. మేకను ఈయననే తీస్కపోయిండు. నాతోని చెప్పిండు" అన్నాను.

క్లాసంతా ఘొల్లుమంది. కండక్టరు తల పట్టుకున్నాడు. "ఓ చెల్లే! బెయిల్‌కు టికెట్ అడిగితే సీదా జైలుకు కొట్టినవేంది!"

నాకు నవ్వు రాలేదు. పుస్తకాలు సర్దుకున్నాను. "నేను అబద్ధం ఆడలేను సార్. గీ చదువు నాకొద్దు."

సార్ మల్లన్న భక్తులు. నుదుట పసుపు బండారి లేకుండా ఆయనను నేనెన్నడూ చూడలేదు. "అబద్ధమాడుమని ఎవలన్నరు బిడ్డా?" అన్నారు. "తియ్యలేదని నువ్వు చెప్పకు. చెప్తే నేనే ఊకోను. తీసిండని రుజువు చెయ్యాల్సింది అవతలోళ్లు. చేసిన్రా అని అడుగు. అడుగుడు అబద్ధమైతదా?"

నేను పుస్తకాలు చంకన పెట్టుకుని తలుపు వైపు తిరిగాను.

"సరే, గిది చెప్పు. మీ బాపు కాడికొచ్చి ఎవలన్న తప్పు చెప్పుకొని ఏడిస్తే, ఆదివారం మైకుల చెప్తడా?"

"చెప్పడు సార్. మా అమ్మకు గూడ చెప్పడు."

"మరి నువ్వు చెప్పినవ్ గదా."

చాయ్ తాగాక మళ్లీ కోర్టు పెట్టారు. మేక సొంతదారు వేషంలో బోనెక్కిన, మాతో చదివే కోహెడ రైతును అడిగాను: "గది మీ మేకనే అని ఎట్ల గుర్తువట్టిన్రు?"

"నల్లగున్నది మేడం."

"మీ ఊర్ల ఇంకెవలకు నల్లమేక లేదా?"

ఆయన తల గోక్కున్నాడు. "మా బామ్మర్దికున్నది…"

కేసు కొట్టేశారు.

ఇంటికెళ్లి బాపుకు అంతా చెప్పాను. "అంటే, మేక తీసినోడు తప్పించుకున్నడన్నట్టు?" అన్నాడు.

"కోర్టులనే బాపూ. పైన ఇంకో కోర్టున్నది గద."

బాపు చేతిలోని బైబిలు మూసి పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "నా కాడికొచ్చి తప్పు చెప్పుకున్నోళ్ల పక్కపొంటి కోర్టుల నిలవడేటోడు ఒక్కడు లేకపాయె."

మరునాడు ఆరాధన ముగిశాక పెద్దలను ఆపి, నా చదువు కోసం ప్రార్థించమన్నాడు.

"మరి అబద్ధాల సంగతేంది అయ్యగారూ?" అన్నాడొక పెద్దాయన.

"ఉంటే నేనే చదువు మాన్పిద్దును" అన్నాడు బాపు. "మోకరించున్రి."