క్లారినెట్ వాయించేవాడి పెళ్ళాం

డాన్సు హాలుకి అందరూ జంటలుగా వస్తారు. మేమూ జంటగానే వెళ్ళేవాళ్ళం. లోపల అడుగు పెట్టగానే మా ఆయన క్లారినెట్ పెట్టె పట్టుకుని స్టేజీ ఎక్కేవారు. నేను గోడవార కుర్చీలో కూర్చుని ఆయన కోటూ నా కోటూ ఒళ్ళో పెట్టుకునేదాన్ని. అమెరికాలో, ఈ ఫార్మింగ్టన్ హిల్స్ ఊళ్ళో, మా సంసారంలో సగం ఆదివారాల మధ్యాహ్నాలు ఇలాగే గడిచాయి.

మా ఆయన వాయించేది ఒక స్వింగ్ బ్యాండులో. ఒకప్పుడు అమెరికావాళ్ళ అమ్మమ్మలూ తాతయ్యలూ చేతులు పట్టుకుని గిరగిరా తిరిగిన పాటలు వాయిస్తారు. ట్రంపెట్లు, సాక్సోఫోన్లు, వాటన్నిటికీ ముందు క్లారినెట్. ఎండాకాలం వస్తే ఈ బ్యాండులోవాళ్ళే కొందరు ఊరి థియేటర్లో వేసే పాటల నాటకాలకి వాయించేవారు. అక్కడ వాళ్ళు కూర్చునేది స్టేజీ కింద గోతిలో. టికెట్ కొనుక్కుని ముందు వరసలో కూర్చున్నా నాకు కనబడేది మా ఆయన బట్టతల ఒక్కటే.

ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. ఎవరైనా అడిగితే అదే చెప్పేదాన్ని. క్లారినెట్ మాత్రం తెనాలిలో వాళ్ళ నాన్నగారి పెళ్ళి బ్యాండులో నేర్చుకున్నది. మా పుట్టింట్లో ఆ మాట ఎత్తితే మొహాలు అదోలా పెట్టేవారు. పెళ్ళికొడుకు కారు ముందు ఎర్రకోటు వేసుకుని నడుస్తూ వాయించే మనిషిని అక్కడ చిన్నా పెద్దా అందరూ ఒరేయ్ అనేవాళ్ళే. పెరటిచెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా! ఇక్కడ అదే క్లారినెట్ ఎత్తితే తెల్లజుట్టు దొరసానులు లేచి నిలబడి చప్పట్లు కొట్టేవారు. అప్పుడు ఆయన మొహం చూడాలి. అది చూడ్డానికైనా ప్రతిసారీ వెళ్ళేదాన్ని.

కానీ నాకూ డాన్సు చేయాలని ఉండేది. ఉన్నమాట చెప్పడానికేం, చాలా ఉండేది. చూసి చూసి నాకు అడుగులన్నీ వచ్చేశాయి. పాట మొదలవగానే కుర్చీ కింద పాదాలు వాటంతట అవే కదిలేవి. పాపం ఒంటరిగా ఉందని ఎవరో ఒక పెద్దాయన వచ్చి చెయ్యి చాచేవాడు. మర్యాదకి రెండు చుట్లు తిరిగొచ్చేదాన్ని. నాకు కావలసిన మనిషి స్టేజీ మీద కళ్ళు మూసుకుని వేరే లోకంలో ఉండేవారు.

"ఏమండీ, ఒక్క పాటకి కిందికి రాకూడదూ?" అని తిరుగు దారిలో కార్లో అడిగేదాన్ని.

"క్లారినెట్ దిగిపోతే ఇంక బ్యాండులో ఏముంటుందే? రిటైర్ అయ్యాక చేద్దాంలే," అనేవారు.

ఆఫీస్ నుంచి రిటైర్ అయ్యారు. బ్యాండు నుంచి కాలేదు. ఆయన లెక్కలో అసలు ఉద్యోగం అదే మరి.

చివరికి ఆయన్ని స్టేజీ దింపింది నేను కాదు, పళ్ళు. పై పళ్ళు ఒక్కొక్కటే వదులై అన్నీ తీయించుకోవలసి వచ్చింది. క్లారినెట్ మూతిని పై పళ్ళకి ఆనించి పట్టుకోవాలి. కట్టుడుపళ్ళతో గట్టిగా ఊదితే పళ్ళ సెట్టు కదిలిపోయి, పాట బదులు ఉత్త గాలి వచ్చేది. దవడ ఎముక అరిగిపోయింది, ఇంప్లాంట్లు కుదరవని డెంటిస్టు చెప్పేశాడు. అయినా బేస్‌మెంట్‌లో తలుపేసుకుని నెలల తరబడి ప్రయత్నించారు. నేను మెట్ల మీద కూర్చుని వినేదాన్ని. ఒకరోజు పైకొచ్చి, "ఇంక నా వల్ల కాదే. వాళ్ళకి మెసేజ్ పెట్టేశాను," అన్నారు. నేను కాఫీ కలపడానికి లేచాను.

పోయిన చలికాలం ఆ బ్యాండు మళ్ళీ డాన్సు పెట్టింది. రానంటారేమో అనుకున్నాను, నాకంటే ముందు ఆయనే తయారయ్యారు. ఆయన కుర్చీలో మ్యూజిక్ కాలేజీలో చదివే అమ్మాయి కూర్చుంది. ఒక పాట అయ్యాక మా ఆయన నా ముందుకొచ్చి చెయ్యి చాచారు.

"పద, ఎప్పట్నుంచో అడుగుతున్నావుగా."

కోట్లు పక్కన పడేసి లేచాను. ఆయనకి అడుగులు రావు. నా కాలు తొక్కి, సారీ చెప్పి, మళ్ళీ తొక్కారు. అయినా నా సంబరం అంతా ఇంతా కాదు, నవ్వు ఆపుకోలేకపోయాను. అంతలో పాట మధ్యలో ఆ అమ్మాయి లేచి, మిగతావాళ్ళంతా తగ్గగా ఒక్కతే క్లారినెట్ అందుకుంది. మా ఆయన అడుగులు ఆగలేదు. కానీ ఆయన వీపు మీద ఉన్న నా చేతికి తెలిసింది. నిండా ఊపిరి పీల్చి బిగబట్టారు. ఆ అమ్మాయి స్వరం సాగదీసినంతసేపూ ఊపిరి వదలలేదు. ఆమె ఆపినచోట సన్నగా వదిలి, ఆమెతోపాటే మళ్ళీ పీల్చుకున్నారు. పాట పొడుగునా అంతే.

"బాగా వాయిస్తోందా?" అని అడిగాను.

"నాకంటే బాగా," అన్నారు.

ఇన్నేళ్ళు నేను కోరుకున్న మనిషి నా చేతుల్లోనే ఉన్నారు. డాన్సు చేస్తూనే ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను, స్వామీ, నాకీ డాన్సు వద్దు, ఈయన పళ్ళు ఈయనకి ఇచ్చెయ్యి అని.