ఇటలీలో ఏ ఊరికి

కొన్నాళ్ళుగా నాకు ఇంట్లో ఒకచోట కాలు నిలవడం లేదు. ఈ చలికాలం నన్నూ మా వారినీ ఇటలీ తీసుకెళ్తానని విశాఖపట్నంలో ఉండే మా మేనకోడలు పట్టుబట్టింది మొదలు, అరకులోని మా ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి వాకిట్లోకీ, వాకిట్లోంచి ఫోను దగ్గరికీ తిరుగుతూ రోజూ పాలు పొంగబెట్టుకుంటున్నాను. రోము చూడాలని ఆ పిల్ల, ఒరిగిన గోపురం చూడకపోతే వెళ్ళడమే దండగని మా వారు. బయలుదేరేవాళ్ళని ఎక్కడికని అడగకూడదని మన పెద్దలు నేర్పారు గానీ, సాయంత్రమయ్యేసరికి ఆ పిల్ల అడిగేది అదే. "ఏటత్తా, ఇంకా తేల్చలేదేటి? బేగి చెప్పు, టికెట్లు దొరకవు." నా మనసులో ఉన్న ఊరు చెప్పడానికి నోరు రాలేదు. చూడ్డానికి ఏమీ లేని ఊరది.

నేను కొత్తగా నర్సునై పెదబయలు వైపు ఒక మిషను ఆసుపత్రిలో చేరేసరికి, అక్కడ మా అందరికీ పెద్ద, ఇటలీ నుంచి వచ్చిన ఒక సిస్టరు, క్రైస్తవ సన్యాసిని. కొండవాళ్ళు సిస్టరమ్మ అనేవారు, మేమూ అదే పిలుపు. విజయనగరం దగ్గర మైదానంలో పుట్టిన నేను డిసెంబరులో కుంపటి వదిలేదాన్ని కాదు. ఆవిడేమో గడ్డి మీద మంచు గడ్డకట్టిన పొద్దుటిపూట ఉత్త చెప్పులతో తిరుగుతూ, తమ కొండల్లో దీన్ని వసంతకాలం అంటారని నన్ను ఆటపట్టించేది. ప్రసవాలకి కొండ ఊళ్ళకి నడిచి వెళ్తున్నప్పుడు నాకు పని నేర్పుతూ నేర్పుతూనే తన ఊరి కబుర్లలోకి జారిపోయేది. మంచు పడితే మూసుకుపోయే దారి, ఊరందరికీ కలిపి ఒకటే రొట్టెల పొయ్యి, ఆ పొయ్యి దగ్గర వాళ్ళమ్మ.

ఒక చలికాలం ఆ అమ్మ పోయిందని కబురొచ్చింది. వార్డు నిండా మలేరియా పిల్లలు ఉన్నారని సిస్టరమ్మ వెళ్ళలేదు, అన్నం మాత్రం ముట్టలేదు. అది తెలిసి మేము ప్రసవాలకి వెళ్ళే ఒక ఊరివాళ్ళు వచ్చి మా ఇద్దరినీ వెంటబెట్టుకుపోయారు. పోయిన తమ పెద్దలకి రాళ్ళు నిలబెట్టే చోట, ఆ తల్లికీ ఒక రాయి నిలబెడతామన్నారు. రాయి ముఖం ఆవిడ ఊరివైపు ఉండాలట. ఇటలీ ఏ దిక్కునుందో ఎవరికీ తెలియదు. ఊరిపెద్ద కాసేపు ఆలోచించి, రాయిని అరకు రైలుస్టేషను వైపు తిప్పించాడు. "సిస్టరమ్మ అటునుంచే కదా వొచ్చింది, ఆళ్ళమ్మకీ అదే దారి" అన్నాడు. సిస్టరమ్మ పక్కున నవ్వి, ఆ నవ్వుతోనే నా భుజం మీద వాలి ఏడ్చేసింది. ఆ రోజు నుంచీ ఆవిడ నాకు ఇంకో అమ్మే అయింది.

ఒంట్లో శక్తి తగ్గాక ఆవిణ్ణి స్వదేశానికి పంపేశారు. ఇప్పుడు తన ఊళ్ళోనే, ముసలి సిస్టర్లుండే ఇంట్లో ఉంది. మొన్న ఫోను కలిపితే నేనెవరో గుర్తు రాలేదు గానీ, తెలుగులో "అన్నం తిన్నావా?" అని అడిగింది. ఆ మాట విన్నాక నాకు నిద్ర కూడా సరిగా పట్టడం లేదు. అక్కడ మంచు కరిగే ఎండాకాలం దాకా ఆగుదామంటే, అప్పటికి ఆవిడ ఉంటుందని ఎవరు చెప్పగలరు?

నిన్న ధైర్యం చేసి ఆ ఊరి పేరు చెప్పేశాను. మా మేనకోడలు ఫోనులో వెతికి, చలికాలం అక్కడికి బస్సు నడవదు, హోటళ్ళు మూసేస్తారు, చూడ్డానికి ఏటుందత్తా అంది. మా వారు గోపురం ఫొటో ఇంకోసారి చూసుకుని నిట్టూర్చారు. పాపం, వాళ్ళని అని ఏం లాభం? పెదబయలుకిప్పుడు తారురోడ్డుంది, అరకు నిండా కార్లే. వచ్చినవాళ్ళు జలపాతం చూసి, కాఫీ తాగి, ఒక్క మనిషి పేరైనా అడక్కుండా తిరిగి వెళ్ళిపోతున్నారు. మన రోజుల్లో ఊరికి వెళ్ళడమంటే ఎవరో ఒకరింటికి వెళ్ళడమే. అక్కడ మనకెవరున్నారని అడిగేవారు మన పెద్దలు. ఆ ప్రశ్న ఎప్పుడు మాయమైందో నాకు తెలియనే లేదు. రోము ఎక్కడికీ పోదు. బస్సు లేకపోతే నడుస్తాను. సిస్టరమ్మ మా కొండలకి వచ్చిననాడు ఇక్కడా బస్సు లేదు.