తలుపు తీయని ముసలమ్మ

పోయిన ఆదివారం తిరుత్తణిలో మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. తిరువళ్ళూరులో రైలెక్కితే ఎంతోసేపు పట్టదు గానీ, ఈ వయసులో నేను రైలెక్కడమే ఒక ప్రయాణం, దిగడం ఇంకొకటి. నేను వెళ్లేసరికి మనవడు టీవీ ముందు బాసింపట్టు వేసుకుని బొమ్మల కథ ఒకటి చూస్తున్నాడు. అందులో ఎవరో యువరాజు వానలో తడిసి ఒక గుడిసె తలుపు తడితే, లోపలి ముసలామె పొమ్మని కసిరింది. మనవడికి ఒళ్లు మండిపోయింది. "ఈ కిళవి ఛీ! దీన్ని పాము కరవాల!" అని అరిచాడు. వంటింట్లో చింతపండు పిసుకుతున్న మా అమ్మాయి, చెయ్యి ఆపకుండానే, "ఆ యమ్మ ఇంట్లో ఎవరుండారో చూసినావారా?" అని అడిగింది. "ఎవుర్నీ చూపించలేదు మా" అన్నాడు వాడు. "చూపించకపోతే లేనట్టేనా?" అంది. వాడు టీవీ ఆపేశాడు. నా చేతిలోని పేపరు ఒళ్లోకి జారిపోయింది. ఈ అమ్మాయే, ఇలాంటి మాటతోనే, ఒకప్పుడు ఇదే ఊళ్లో, నాటకం మధ్యలో నన్ను ఆపేసింది.

దానికి ముందు ఇంకో తలుపు గురించి చెప్పాలి. మాది మగ్గాల ఇల్లు. కనకమ్మ సత్రం దగ్గర దారి చీలి లోపలికి వెళ్తే వచ్చే చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపం వస్తే రెండూ. మా నాన్న మగ్గం గుంటలో దిగితే, ఆయన అక్క, అంటే మా అత్త, రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరితోనో పోట్లాటకు సిద్ధంగా ఉన్నట్టు ఉండేది. ఇంటి తలుపు ఆమె అధికారం. ఎండాకాలం పడమటి గాలి మొదలైతే తలుపు బిగించి గడియ పెట్టేసేది. గాలి తగిలితే పడుగు ఎండిపోయి దారాలు పుటుక్కున తెగుతాయి. అది మాకు తెలుసు, ఒప్పుకునే వాళ్లం కూడా. కానీ ఒక ఏడాది నూలు రాలేదు. మగ్గం మీద పడుగే లేదు. అయినా తలుపు మూసే ఉండేది, పొద్దుగూకితే మరీను. ఆ ఉక్కలో మమ్మల్ని ఉడకబెట్టడానికి తప్ప దానికి కారణం ఏముంటుంది అనుకునేవాణ్ని.

మా ఇంట్లో ఒక కథల పుస్తకం ఉండేది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, పేరేమిటో ఎవరికీ తెలియదు. చుక్కల గుర్రం కోసం బయల్దేరిన ఒక యువరాజు కథ. మాట్లాడే నక్కలు, గాజు కోట, అందులో నిద్రపోయే యువరాణి, పిల్లలకు కావలసినవన్నీ అందులో ఉన్నాయి. మధ్యలో ఒకచోట తుఫానులో యువరాజు అడవిలోని ఒక గుడిసె తలుపు తడతాడు. లోపలినుంచి ఒక ముసలమ్మ, "తలుపు తీయను. ఇంట్లో పసివాడు నిద్రపోతున్నాడు" అంటుంది. అంతే, ఆమెకున్నది ఆ ఒక్క మాటే. యువరాజు కోపంతో శపిస్తాడు, ఉరుము ఉరుముతుంది, ముసలమ్మ బండరాయి అయిపోతుంది. పేజీ తిప్పితే ఆమె ఊసే లేదు. మాకు ఆ కథలో రాక్షసుడంటే కూడా కొంచెం ముచ్చటే గానీ, ఆ ముసలమ్మంటే మాత్రం అసహ్యం. మా అత్తకు ఆమె పేరే పెట్టాం. తలుపు ముసలి. ఆ పేరు పెట్టింది నేనే. అత్తకు తెలిసింది కూడా. "నా పేరు బాగుండాదిరా, ఇంకా గట్టిగా పిలువు, వీధి చివరికి వినబడాల" అని రాట్నం తిప్పుతూనే అంది.

తర్వాత నేను చదువుకుని తిరువళ్ళూరులో గుమాస్తానయ్యాను, కాపురం మాత్రం అప్పట్లో తిరుత్తణిలోనే. తొంభైల మొదట్లో తిరుత్తణిలోని మన తెలుగు వాళ్లంతా కలిసి ఏటా ఒక కార్యక్రమం చేసేవాళ్లు. పిల్లలు బడిలో తమిళమే చదువుతున్నారు, తెలుగు అక్షరాలు చూస్తే జిలేబీలంటున్నారు, నాటకమైనా ఆడిస్తే మాట నిలుస్తుందని పెద్దల ఆశ. ఆ ఏడు నాటకం రాసే పని నాకు అప్పజెప్పారు. నేను ఆ అట్టలేని కథనే నాటకం చేశాను. అచ్చమైన తెలుగులో రాశానని నాకు చెప్పలేనంత గర్వం. అది చదవగలిగిన వాళ్లు పది మంది కూడా లేరన్నది వేరే సంగతి.

మా అమ్మాయి అప్పుడు ఆరో తరగతి. యువరాణి వేషం తనదేనని వాళ్లమ్మ పాత పట్టుచీర బయటికి తీయించి, అద్దం ముందు నిద్ర నటించడం కూడా మొదలుపెట్టింది. కానీ పందిరి, మైకు నూలు షావుకారు ముదలాళి గారివి. మా వాళ్లంతా ఆయన దగ్గర నూలు తెచ్చి నేసేవాళ్లు. ఆయన మనవరాలు నాటకంలో ఉందని తెలియగానే, ఎవరూ అడగకముందే యువరాణి వేషం ఆ పిల్లకిచ్చేశాను. ఆయన అడగలేదు. అడిగి ఉంటే కనీసం అడిగాడని చెప్పుకునేవాణ్ని. ఇంకెవరూ వేయనన్న ముసలమ్మ వేషం మా అమ్మాయికి మిగిలింది. "ఒక్క మాటేనా నాయనా?" అని అడిగింది. "ఒక్క మాటైతే మర్చిపోవు గదా" అన్నాను. మా ఆవిడ ఆ పూట నాకు అన్నం పెట్టింది గానీ, గిన్నెలు పెట్టిన చప్పుడు వేరుగా ఉంది.

అమ్మాయికి తెలుగు చదవడం రాదు. నేను చదువుతుంటే తన మాటను తమిళ అక్షరాల్లో రాసుకుంది. రెండు రోజుల తర్వాత నా పక్కన వచ్చి నిలబడింది. "నాయనా, ఆకలేస్తా ఉండేవాడికి నిద్ర ఎట్ల పడుతుంది?" అంది. ఆకలి మాట ఎక్కడినుంచి ఊడిపడిందో నాకు తట్టలేదు. అప్పుడు నేను యువరాజు చేత పలికించే ఒక పెద్ద సమాసంతో కుస్తీ పడుతున్నాను. "నీకెందుకమ్మా అవన్నీ? రాసింది చెప్తే చాలు" అన్నాను. "సరే" అని వెళ్లిపోయింది. వెళ్లింది మా అత్త దగ్గరికని నాకు తర్వాత తెలిసింది. అప్పటికి అత్త ముసలిదై మా ఇంట్లోనే ఉండేది. చూపు తగ్గింది, నోరు తగ్గలేదు.

నాటకం రోజు జనం బాగా వచ్చారు. మా అత్త ముందు వరసలో, ముదలాళి గారి కుర్చీ పక్కనే, చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. నేను తెర పక్కన రాతప్రతి పట్టుకుని నిలబడ్డాను. వెనకాల మా బావమరిది చేతిలో పెద్ద రేకు ఉంది. నేను తెల్ల చేతిగుడ్డ ఎత్తితే అతను రేకును కొట్టాలి, అదే ఉరుము. దీపం ఆరిపోవాలి, మా అమ్మాయి గోనెపట్ట కప్పుకుని రాయి కావాలి. అంతా సక్రమంగా నడుస్తోంది. నక్కకు తోక ఊడిపోయినా ఎవరూ పట్టించుకోలేదు. పోస్టుమ్యాను కొడుకు యువరాజు. వాడు నడుముకు కట్టుకున్న దారిబత్తెం మూటలో నిజంగానే బొరుగులు ఉన్నాయి, తెర వెనక సగం తినేశాడు కూడా. వాడు గుడిసె ముందు నిలబడి తలుపు దబదబా బాదాడు. అట్టతో చేసిన తలుపు ఊగిపోయింది.

లోపలినుంచి మాట రాలేదు. మర్చిపోయిందేమోనని నేను అందించబోయాను. ఇంతలో తలుపు వేలెడంత తెరుచుకుంది. మా అమ్మాయి ఆ సందులోంచి ముఖం బయట పెట్టి, ఒక చేత్తో వెనకాల ఎవరినో జో కొడుతున్నట్టు తడుతూ, చాలా మెల్లగా అంది.

"తట్టబాకయ్యా. తలుపు తీసేదాన్నే. పసివాడు ఇప్పుడే నిద్రపోయినాడు. లేస్తే కూడు అడుగుతాడు. నా దగ్గర లేదు."

ఇవేవీ నేను రాయలేదు. చేతిలో రాతప్రతి, ఇంకో చేతిలో చేతిగుడ్డ. పందిట్లో ఉన్నది మగ్గాల వాళ్లు, పొలాల వాళ్లు. నూలు రాని ఏళ్లూ, వాన రాని ఏళ్లూ అందరికీ తెలుసు. మా అత్త చాప మీదనుంచి లేచి, ఊరంతా వినబడేలా అరిచింది. "ఒరే రాజా! గట్టిగా తట్టబాకరా, బిడ్డ లేస్తాడు!"

యువరాజుకు శాపం మాట నోట్లోనే ఉండిపోయింది. నావైపు చూశాడు. రేకు పట్టుకున్న బావమరిది కూడా నావైపే చూస్తున్నాడు. "బావా, కొట్టాల్నా?" అని గొణిగాడు. చేతిగుడ్డ ఎత్తితే ఉరుముతుంది, నా బిడ్డ రాయి అయిపోతుంది, కథ నేను రాసినట్టే ముందుకు పోతుంది. ముదలాళి గారి మనవరాలు గాజుకోటలో నిద్రపోవడానికి పట్టుపావడా సర్దుకుంటోంది. తలుపు సందులోంచి మా అమ్మాయి యువరాజును చూడటం లేదు. నన్నే చూస్తోంది.

"వద్దు" అన్నాను. చేతిగుడ్డ జేబులో పెట్టేసుకున్నాను.

ఆ పోస్టుమ్యాను కొడుకు ఎక్కడున్నా చల్లగా ఉండాలి. కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత నడుముకున్న మూట విప్పి, మిగిలిన బొరుగులు తలుపు దగ్గర పెట్టి, చప్పుడు చేయకుండా మునివేళ్ల మీద నడుచుకుంటూ వెళ్లిపోయాడు. అప్పుడు లేచిన చప్పట్లకు నిజంగా పసివాడెవడైనా ఉంటే నిద్ర లేచి ఉండేవాడు. ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకుంటూనే నవ్వుతున్నారు. మా బావమరిది కూడా కళ్లు తుడుచుకోబోయి రేకును గోడకు ఆనించాడు. అది తర్వాత యువరాణి పెళ్లి జరుగుతుండగా జారిపడి, మూడుముళ్లకు ముందే భయంకరంగా ఉరిమింది.

నాటకమయ్యాక ముదలాళి గారు నన్ను పిలిచి, "కథ మార్చేసినారే?" అన్నారు. మామూలుగా అయితే తడబడి క్షమించమనేవాణ్ని. ఆ రోజు మాత్రం, "నేను కాదయ్యా, మా అమ్మాయి మార్చింది. నాకంటే బాగా రాసింది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన ఒక క్షణం చూసి, "అవును, బాగుండాది" అన్నారు. నేను భయపడినంత మనిషి కాదాయన. ఆ భయం నేను పెంచుకున్నదే.

ఇంటికి నడుస్తుంటే అడిగాను. "ఆకలి సంగతి నీకెట్ల తెలిసిందమ్మా? నేను రాసింది పసివాడని గదా?"

"అదే గదా నాయనా. పసి అంటే ఆకలే గదా?" అంది.

నడిరోడ్డు మీద ఆగిపోయాను. తమిళంలో పసి అంటే ఆకలి. తెలుగులో పసి అంటే పాలుతాగే వయసు. తమిళ అక్షరాల్లో రాసుకున్న పిల్లకు పసివాడంటే ఆకలిగొన్నవాడు. అచ్చ తెలుగు రాశానని మురిసిన నేను రెండు భాషల మధ్య పెరిగీ ఆ మాటను వినలేకపోయాను. తను తప్పుగా చదివి, నేను ఇన్నేళ్లు సరిగ్గా చదివి చూడని మనిషిని చూసింది.

"ఆకలితో ఎట్ల నిద్రపోతాడని అవ్వని అడిగినా" అని చెప్పుకుపోయింది. "వాడంతట వాడు నిద్రపోడంట. మనమే పండబెట్టాలంట. ఆ నూలు రాని ఏడు అవ్వ నిన్ను అట్లే పండబెట్టిందంట. పొద్దుగూకితే తలుపేసేసేదంట. తీసి పెడితే పక్కింటి తాళింపు వాసన వస్తుందంట, నువ్వు లేచి అన్నం అడుగుతావంట."

మా ముందు అత్త, మా ఆవిడ చెయ్యి పట్టుకుని నడుస్తోంది. చెవులు మాత్రం ఆమెవి ఎప్పుడూ పదునే. వెనక్కి తిరగకుండానే, "వాడికేం తెలుసమ్మా, వాడు మంచి నిద్రలో ఉండె" అంది. ఆ మాటలో దెప్పు లేదు. బిడ్డను నిద్రపుచ్చగలిగిన మనిషి గర్వం ఉంది. ఆ రాత్రి నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. "అత్తా, ఆ పేరు పెట్టింది నేనే" అన్నాను చివరికి. "తెలుసులేరా. పేరు బాగుండాదనే చెప్తినే" అని అటు తిరిగి పడుకుంది.

అత్త పోయి చాలా ఏళ్లయింది. మా అమ్మాయి ఇప్పుడు తెలుగు కూడా చదువుతుంది. పెద్దయ్యాక తనంతట తానే నేర్చుకుంది. పోయిన ఆదివారం నేను బయల్దేరుతుంటే మనవడు గుమ్మం దాకా వచ్చి, "తాతా, ఆ కిళవి ఇంట్లో ఎవరుంటారబ్బా?" అని మెల్లగా అడిగాడు. టీవీ ఆపేసి అప్పటిదాకా అదే ఆలోచిస్తున్నాడు. "నువ్వే చెప్పు" అన్నాను. వాడు ఆలోచిస్తూ లోపలికి వెళ్లాడు. నేను తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి మెట్లు దిగాను. కథలో ఆ పసివాడు ఇంకా నిద్రలోనే ఉన్నాడు, వాడికి వయసు రాదు. వయసంతా నాకే వచ్చింది, ఆ తలుపు లోపల నన్ను జో కొట్టిన చెయ్యి ఎవరిదో తెలియడానికి.