గుండోడు, పొడుగోడు, మా ఇంటి పెట్ట

కనుబొమ్మ మీద ఈ ప్లాస్టర్ ఏమిటని పొద్దుట్నుంచి అందరూ అడుగుతున్నారు. చెబుతాను గానీ, నవ్వకూడదు. నేను దెబ్బ తిన్నది హెవీవెయిట్ బాక్సింగ్ మూలంగా. కొట్టినదాని బరువు మాత్రం కేజీన్నర దాటదు!

మా స్కూల్లో మాస్టర్లం ఇద్దరమే. నేను, దేవదానం. ఊరు పాడేరు నుంచి జీపులో గంటన్నర లోపలికి. దేవదానంది అడ్డతీగల. మిషన్ హాస్టల్లో చదువుకున్నవాడు, ఆదివారం చర్చిలో పాటలు పాడతాడు, చీమకి కూడా దారి ఇచ్చే మనిషి. పాడేరు హోటల్లో టీవీకి డిష్ పెట్టిన దగ్గర్నుంచీ ఇద్దరికీ బాక్సింగ్ పిచ్చి పట్టుకుంది. నెలజీతానికని వెళ్లడం, రెండు ఇడ్లీ చెప్పి రెండు గంటలు కూర్చోవడం.

ఇప్పుడు హెవీవెయిట్‌లో ఛాంపియన్లు ఇద్దరున్నారు. ఎవడు గెలిచిన బెల్టులు వాడికున్నాయి. ఒకడు గుండోడు, వాడు నావాడు. ఇంకొకడు పొడుగోడు, వాడు దేవదానం మనిషి. పేర్లు నోరు తిరగక మేం పెట్టుకున్న పేర్లివి. ఇద్దరూ ఎప్పుడూ ఒకరితో ఒకరు తలపడలేదు. అడిగితే మేనేజర్లకి కుదర్లేదంటారు. మరి నంబర్ వన్ ఎవరు? ఏడాదిగా మా ఇద్దరికీ ఇదే పని.

మొన్న శనివారం సంతలో టీకొట్టు బల్ల మీద మళ్లీ మొదలైంది.

"మీవాడు రెండేళ్లుగా తప్పించుకు తిరుగుతున్నాడండీ. అసలు ర్యాంకే ఇవ్వకూడదు" అన్నాడు దేవదానం.

తప్పించుకు తిరగడమా! నాకు ఒళ్లు మండింది. "మావాడి లెఫ్ట్ హుక్ పడితే మీవాడు లేస్తాడా? లేవండి, చూపిస్తాను."

లేచాడు. నేను పిడికిలి బిగించి స్లోమోషన్లో తిప్పుతున్నాను. నిజంగా స్లోమోషనే! మధ్యలో అతను "అది హుక్ కాదండీ, మోచెయ్యి ఇంకా..." అని సరిదిద్దడానికి ముందుకు వంగాడు. ముక్కు తిన్నగా వచ్చి నా పిడికిలికి తగిలింది. రెండడుగులు వెనక్కి వేసి, ఒక ముసలమ్మ చింతపండు గంపలో కూర్చుండిపోయాడు, కొత్త తెల్ల ప్యాంటుతో సహా.

సంత మొత్తం ఆగిపోయింది.

అక్కడొక కట్టుబాటుంది. సంతలో చెయ్యి లేస్తే, ఎంతటివాడైనా సరే, సంత లేచేలోగా ఊరిపెద్ద ముందు తేలిపోవాలి. మమ్మల్ని సోమన్న పెద్ద దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన చుట్ట పక్కన పెట్టి నిదానంగా అడిగాడు.

"ఏటి మాస్టారూ, ఏటి తగువు?"

చెప్పాం. గుండోడి బెల్టులు, పొడుగోడి బెల్టులు, ర్యాంకులు, అన్నీ. అంతా విన్నాడు.

"ఆళ్లిద్దరూ ఎప్పుడైనా కొట్టుకున్నారా?"

"లేదండి."

"ఆళ్లే కొట్టుకోలేదు. మీరేల కొట్టుకున్నారు?"

జనం గొల్లుమన్నారు. చింతపండు ముసలమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. అక్కడితో సారీ చెప్పి తలొంచుకుంటే అయిపోయేది. కానీ పెద్దాయన "సరే, ఆళ్లు రాలేరు. ఆళ్ల తరఫున నిలబడేదెవరు?" అనగానే నాకు పౌరుషం వచ్చింది. "మావాడికి నేను!" అని లేచాను. "మావాడికి నేనండీ!" అని దేవదానం కూడా లేచాడు, ప్యాంటుకి చింతపిక్కలు అతుక్కుని ఉండగానే.

తరఫున నిలబడ్డవాడే తప్పు, అంటే జరిమానా, కట్టాలని ఇద్దరికీ తెలియదు.

"అయితే ఇద్దరూ కలిసి ఒక కోడి. సంతలో కొన్నది పనికిరాదు, ఇంటి కోడే తేవాల. అందరం తిందుం, మీరిద్దరూ ఒక ఆకులో తినండి, తగువు పోద్ది. బేగి రండి."

దేవదానం బ్రహ్మచారి, అతనింట్లో బల్లులు తప్ప ఏమీ లేవు. మా ఇంట్లో ఉన్నది ఒకే ఒక పెట్ట. అది మా ఆవిడ పార్వతిది. కురుపాంలో వాళ్లమ్మ దగ్గర్నుంచి ఒళ్లో పెట్టుకుని, మూడు బస్సులు మారి తెచ్చుకుంది. ఈ కొండల్లో నేను స్కూలుకి పోతే పార్వతికి పలకరింపు అదే. ఇప్పుడు పదకొండు గుడ్ల మీద కూర్చుని ఉంది. పిల్లలు ఎప్పుడొస్తాయా అని మా ఆవిడ గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకుంటోంది. దాన్ని తీసేస్తే ఆ మనిషి మొహం ఎలా చూడను? తీసుకెళ్లకపోతే ఆ ఊళ్లో పాఠం ఎలా చెప్పను?

ఇంటికెళ్లేసరికి పార్వతి ఊట దగ్గరికి నీళ్లకెళ్లింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, హమ్మయ్య అనుకున్నాను! వీధి వసారాలో గంపలో పెట్ట. దేవదానం ఇంకో గంప పట్టుకుని నిలబడ్డాడు.

"మెల్లిగా అండీ. కింద నుంచి చెయ్యి పెట్టండి."

పెట్టాను. అది కదల్లేదు, అరవలేదు. నా వంక ఒకసారి చూసింది. అంతే! తర్వాత నాకు తెలిసింది రెక్కల చప్పుడు ఒక్కటే. వేలి మీద ఒకటి, ముంజేతి మీద రెండు, కనుబొమ్మ మీద ఒకటి. వెనక్కి పడి గడపకి తల కొట్టుకున్నాను. అదేమో ఈకలు సర్దుకుని మళ్లీ గుడ్ల మీద కూర్చుంది.

కళ్లు తెరిచేసరికి పైన దేవదానం. నమ్ముతారా, బాక్సింగ్ రిఫరీలా లెక్కపెడుతున్నాడు!

"ఏడు... ఎనిమిది... లేవండి మాస్టారూ, తొమ్మిది..."

అతని వెనక బిందెతో మా ఆవిడ.

జరిగిందంతా చెప్పాను. ఇక దాచడానికేముంది? ఆవిడ బిందె దించి ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆ గుండోడు మనకేటవుతాడండీ?"

నిజంగా సిగ్గేసింది.

రక్తం తుడిచి, నన్ను వెంటపెట్టుకుని ఆవిడే సోమన్న పెద్ద దగ్గరికి నడిచింది. ఆయన నా మొహం చూసి, సంగతి విని, నెత్తి కొట్టుకున్నాడు.

"పొదుగుతున్న పెట్టనా? దాన్నెవలడిగారు! పొదుగు పెట్ట తప్పులోకి రాదు, సంటిగుంటడికైనా తెలుసు. ఆ మాట ఇక్కడే సెప్పకపోయారా మాస్టారూ? పిల్లలు పెరిగాక ఒక పుంజునియ్యండి."

ఒక్క మాట! అడిగి ఉంటే సరిపోయేది. ఆ రోజుకి ముసలమ్మ చింతపండుతోనే చారు కాచి అందరికీ పోశారు. నేనూ దేవదానం ఒకే ఆకులో తిన్నాం. తగువు పోయింది, మరక మాత్రం ప్యాంటుకి ఉండిపోయింది.

ఇప్పుడు ఊళ్లో గుండోడి గురించీ పొడుగోడి గురించీ అడిగేవాడు లేడు. "మాస్టారూ, పెట్టతో మళ్లీ ఎప్పుడు?" అంటారు. మేనేజర్ ఒప్పుకోవడం లేదని చెబుతున్నాను. మా ఆవిడ నిజంగానే ఒప్పుకోవడం లేదు.

ఆ పెట్ట ఇంకా వీధి వసారాలోనే కూర్చుని ఉంది. నేను మాత్రం నాలుగు రోజులుగా మా ఇంట్లోకి పెరటి గుమ్మం గుండా వెళ్తున్నాను. తప్పించుకు తిరుగుతున్నానని మీరనుకోకండి. అనవలసినవాడు దేవదానం ఎలాగూ అంటున్నాడు.