చప్పుడు చేయని సాలెపురుగు

తొంభైల నాటి మాట. ఆ ఏడు దసరాకు మా ఇంట్లో బూజు దులపలేదు. బాన్సువాడలో అంతకంటే పరువు తక్కువ పని ఇంకొకటి లేదు. కానీ నాన్నకు అమ్మ అయిన మా అవ్వకు అప్పుడే కంటి పొర ఆపరేషన్ అయింది. కంట్లో దుమ్ము పడొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. దాంతో బూజుకర్ర దూలం మీదికెక్కింది, సాలెపురుగులకు పండగ వచ్చింది.

వాటిలో ఒకటి నాకు తెగ నచ్చేది. పెసరగింజంత ఉంటుంది. గూడు కట్టదు. కిటికీ చువ్వ మీద నక్కి నక్కి వచ్చి, ఒక్క దూకులో ఈగను పట్టేస్తుంది. వేలు చూపిస్తే పారిపోదు సరికదా, ఇటు తిరిగి "ఏంది?" అన్నట్టు చూస్తుంది. దీని చుట్టాలు కొన్ని సముద్రం నడుమ దీవుల్లో తప్ప ఇంకెక్కడా బతకవని తరువాత ఎక్కడో చదివాను. మాది మాత్రం ఆ కిటికీ దాటి ఎరగదు.

ఇంట్లో అసలు బెంగ వేరే. కట్టు విప్పారు, అద్దాలు కూడా వచ్చాయి, అవ్వకు చూపు వచ్చిందో లేదో మాత్రం తెలియడం లేదు. రెండో కన్ను ఎప్పుడో పోయింది. ఇదీ రాకపోతే ఇక చీకటే. అడిగితే "అన్ని మంచిగనే కనవడ్తున్నయ్" అంటుంది. ఆపరేషన్‌కు ముందూ అదే మాట! మా అవ్వ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. బిచ్కుంద నుంచి మేనత్త వస్తే గడప దాటకముందే "రా బిడ్డా" అంది. మెట్టెల చప్పుడు పట్టేసింది, మాకు తెలియదా? నాన్న చెప్పులు విప్పి మెల్లగా వస్తే బీడీ వాసన పట్టేసింది. అమ్మ వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగితే కస్సుమంది.

"నేనేమన్న బడి పిల్లనా? నాకు పరీక్షలు వెడ్తున్నరు!"

అమ్మ వంటింట్లోకి పోయి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకూ భయం వేసింది.

ఒక మధ్యాహ్నం అవ్వ కిటికీ పక్కన మంచం మీద కూర్చుంది. నేను కింద బియ్యం ఏరుతున్నాను. ఉన్నట్టుండి "అయ్యో, తప్పిపాయె!" అంది.

"ఏంది అవ్వా?"

"గా బుడ్డ పురుగే. ఈగ మీదికి దుంకింది, ఈగ ఎగిరిపాయె. ఇగ సూడు, సన్నటి పోగు వట్టుకొని యాలాడుతుంది."

తలెత్తి చూశాను. నిజమే! దానికి మెట్టెలు లేవు, అది బీడీ తాగదు. నేను పెట్టిన కేకకు అమ్మ చేతిలో గంటెతోనే ఉరికి వచ్చింది. సంగతి వినగానే ఏడుస్తూ నవ్వింది.

అవ్వ పైకి చూసి "ఇంట్ల గిన్ని బూజులా!" అని మండిపడింది. తరువాత అమ్మ ముఖం మీద ఆమె చూపు ఆగింది.

"గట్ల చిక్కిపోయినవేందే బిడ్డా?" అంది.